రెండు వేళ్ళ వెడల్పు

పదిగంటలకి సభ అని నోటీసు అంటించింది నేనే.
పడవలు ఒడ్డుకొచ్చేది పదకొండు దాటాకని
అంటించేటప్పుడు తెలియదు.
పొదలకూరు మెట్టవాణ్ణి, నిమ్మతోటల్లో పెరిగినవాణ్ణి,
ఈ పాలేనికి పంచాయతీ కార్యదర్శినై అప్పటికి నాలుగు నెలలు.

తుపాను షెల్టరు నీడలో అద్దె కుర్చీలు.
మండలాఫీసు పంపిన పటం,
ఎగరకుండా నాలుగు మూలలా ఆల్చిప్పలు.
విపత్తు ప్రణాళిక, ముప్పై రెండు పేజీలు.
చివరి పేజీ అడుగున ఒక గడి: ప్రజాభిప్రాయం.
రెండు వేళ్ళ వెడల్పు.
"సభ ఏకగ్రీవంగా ఆమోదించినది" అని
ముందు రాత్రే రాసి తెచ్చాను, మంచి దస్తూరీతో.

పదిన్నరకి ఎనిమిదిమంది, అందులో ఇద్దరు పిల్లలు.
పదకొండున్నరకి ఆడవాళ్ళు వచ్చారు,
బుట్టలు దించి, తడి కుచ్చెళ్ళతో,
కుర్చీలు వదిలేసి మెట్ల మీద కూర్చున్నారు.
ఎర్రగీత ప్రమాదం, పచ్చగీత దారి, అని చదివాను.
ఎవరూ మాట్లాడలేదు.
ఇంజనీరుగారు గడియారం చూసుకున్నారు.

"తాళంచెవి ఎవరికాడుంది సార్?"
పామంజి కావేరమ్మ.
ఏ తాళం?
వెనక్కి తిరగకుండానే బొటనవేలితో చూపించింది,
తను ఆనుకుని కూర్చున్న తలుపుని.
తాళమూ గొళ్ళెమూ తుప్పుతో ఒకటైపోయిన తలుపుని.
"పోయిన గాలివానకి కావలికి ఫోన్ చేసినాం.
చెవి ఉండే ఆయన కూతురి సీమంతానికి పోయుండాడంట.
రేత్రంతా ఈ మెట్ల మీదే ఉండాం.
లోపలేమో పొడినేల. బయటేమో మేం."

ఎవరో నవ్వారు.
ఆ నవ్వు చాటున ఇంకో గొంతు లేచింది.
కాలవకట్ట మీది ఇండ్ల చెంచురామయ్య,
సభ అంచున, ఎండలో, నిలబడే ఉన్నాడు అంతసేపూ.
"ఆ పచ్చగీత యాడికి పోతాది?"
తూము మీదుగా తారురోడ్డుకి.
"ముందు మునిగేదే ఆ తూము గదయ్యా.
ఉప్పుటేరు ఎగదన్నేదానికి ఒక పూట ముందే
పీతలు గట్టెక్కుతాయి.
మేం పీతల ఎనకాల పోతాం, తూము ఎనకాల పోం."
పటం దగ్గరికి రమ్మంటే రాలేదు.
ఇసకలో కాలి వేలితో గీశాడు:
సర్వితోపు వెనక, పాత ఉప్పుమడుల గట్టు వెంట,
రొయ్యలచెరువు కంచె దాకా వచ్చి
ఆగింది గీత.
కంచె ఎవరిదో అందరికీ తెలుసు.
అందరం కాసేపు సముద్రం వైపు చూశాం.

"కంచెకి గేటు పెట్టమని రాయబ్బా," అంది టీ అంగడి మస్తాన్‌బీ.
పేరు వేయమంటావా?
"ఇంటిపేరుతో సహా వెయ్యి.
మా ఆయన పేరు చచ్చినోళ్ళ లిస్టులో తప్పు రాసిరి,
సరిచేయించేకి రెండేళ్ళు తిరిగినా.
నా పేరన్నా బతికుండంగానే సరిగ్గా రాయి."

ఆ తర్వాత నేను ఆపలేకపోయాను.
మైకులో "అప్రమత్తం" అంటే ఏందని ఒకరు,
వలలు వదిలేసి రమ్మంటారే, వల ఖరీదెంతో తెలుసా అని ఒకరు,
నడవలేని అత్తని మోసేదెవరు, మేకల్నేం చేసేది,
షెల్టర్లో ఆడోళ్ళకి దొడ్డి ఏ పక్క.
గడి నిండింది. పేజీ తిప్పి వర్షపాతం పట్టిక వెనక రాశాను.
పెన్ను అయిపోతే ఒక పిల్లాడు బడి పెన్సిలిచ్చాడు.
ఏకగ్రీవాన్ని ఆ పెన్సిలుతోనే కొట్టేశాను.

మండలాఫీసులో, గడి దాటి రాయకూడదన్నారు.
ఐదు కాయితాలూ పిన్ను కొట్టిచ్చి రసీదు అడిగాను.
నన్ను కొత్తగా చూశారు.

ప్రణాళిక తిరిగి రాలేదు. గేటూ రాలేదు.
తాళం మాత్రం మేమే సుత్తితో ఊడగొట్టి
కావలి బజార్లో కొత్తది కొన్నాం, మూడు చెవులతో.
ఏ పద్దులో రాయాలో తెలియక నా జేబులోంచే.
ఒకటి ఆఫీసులో. ఒకటి కావేరమ్మ రొంటిన.
మూడోది చేతికిస్తే, "నాకా?" అని
రెండుసార్లు అడిగాడు చెంచురామయ్య.
పీతలు లాగే ఇనప కొక్కేనికి కట్టుకున్నాడు.

నిన్న సాయంత్రం గుమ్మంలో నిలబడి
"గట్టు మీద ఉండాయి సార్," అన్నాడు.
టీవీలో ఇంకా ఏమీ చెప్పలేదు.
నేను మైకు తీశాను.